ముందు ఏ కన్ను కొనాలి?

మైపాడు తీరం నుంచి నెల్లూరులోని మైపాడు గేటు దాకా మహా అయితే పాతిక కిలోమీటర్లు. విరేచనంలో రక్తం పడుతోందని ఆ దారిన పట్నం వచ్చిన మనిషికి పెద్దపేగు చివర క్యాన్సర్ ఉందని తేలిందనుకుందాం. ఆపరేషన్ చెయ్యాలన్న మాట వెంటనే ఇంకో నాలుగు మాటలు ఆ కుటుంబం చెవిన పడతాయి: త్రీడీ ల్యాప్రోస్కోపీ, 4కె కెమెరా, పచ్చరంగు మందుతో పేగును వెలిగించి చూడటం, రోబో. నెల్లూరులో చేయించాలా, తిరుపతి వెళ్లాలా, చెన్నై రైలెక్కాలా అన్న తర్జనభర్జన చివరికి 'ఎవరి దగ్గర మంచి మిషను ఉంది' అన్న ఒక్క ప్రశ్న దగ్గరికి చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా అదే అడుగుతారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఈ మిషన్ల మధ్య తేడా ఉన్న మాటా నిజమే. అయితే ఆ తేడా ప్రకటన బోర్డుల్లో చెప్పినంత పెద్దది కాదు, అన్ని మిషన్లకూ ఒకే తీరుగానూ లేదు. ప్రభుత్వం గానీ, ఆసుపత్రి గానీ, అప్పు చేసి వైద్యం చేయించుకునే కుటుంబం గానీ డబ్బు పెట్టేటప్పుడు ఒక వరస పాటించాలి. ఇవాళ ఆ వరస తలకిందులుగా ఉందన్నది నా వాదన.

ముందు అసలు విషయం. పొట్టను నిలువునా కొయ్యకుండా నాలుగైదు చిన్న గాట్లు పెట్టి, గ్యాసుతో పొట్టను ఉబ్బించి, ఒక గాటులోంచి టెలిస్కోపును, మిగిలినవాటిలోంచి పొడవాటి పరికరాలను దించి చేసేది కీహోల్ సర్జరీ. జనం నోట్లో ఇది 'లేజర్ ఆపరేషన్'గా స్థిరపడిపోయింది గానీ లేజరుకూ దీనికీ సంబంధం లేదు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో పిత్తాశయం తీశారు. మరుసటి ఏడాదే పెద్దపేగును ఇలా తీసిన వివరాలు అమెరికా నుంచి అచ్చయ్యాయి. క్యాన్సర్ గడ్డను ఇంత చిన్న గాట్లలోంచి తీస్తే కణాలు అక్కడే రాలి మళ్లీ మొలుస్తాయేమోనని పదేళ్లకు పైగా సర్జన్లు భయపడ్డారు. 872 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిగి 2004లో వెలువడిన పరిశీలన ఆ భయం తీర్చింది. పెద్దకోతతో చేసినా కీహోల్‌తో చేసినా జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు. మలాశయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ అంత సాఫీగా నడవలేదు. తుంటి ఎముకల గిన్నెలో, అడుగున, ఇరుకులో ఉండే పేగు అది. ప్రధానంగా యూరప్‌లో 1,044 మంది మీద జరిగి 2015లో అచ్చయిన ప్రయోగంలో మూడేళ్ల తర్వాత అదే చోట జబ్బు తిరగబెట్టినవాళ్లు రెండు పద్ధతుల్లోనూ నూటికి ఐదుగురే. అమెరికా, కెనడాల్లో ఒకటి, ఆస్ట్రేలియా, న్యూజిలాండుల్లో ఒకటి జరిగి అదే ఏడాది అచ్చయిన ప్రయోగాలు మాత్రం, తీసిన ముక్క శుభ్రంగా రావడంలో కీహోల్ పెద్దకోతకు తీసిపోదని నిరూపించలేకపోయాయి.

బొమ్మ అంత ముఖ్యం కావడానికి కారణం ఈ ఇరుకే. మలాశయం చుట్టూ కొవ్వుతో ఒక తొడుగు ఉంటుంది. జబ్బు పాకే గ్రంథులన్నీ దాని లోపలే ఉంటాయి. ఆ తొడుగును చిరగనివ్వకుండా, లోపలి సరుకుతో సహా ఒకే ముద్దగా తియ్యాలని ఇంగ్లండుకు చెందిన బిల్ హీల్డ్ 1982లో చెప్పిన నాటి నుంచి మలాశయ క్యాన్సర్ ఆపరేషన్ స్వరూపమే మారిపోయింది. ఆ తొడుగుకూ వెనకనున్న ఎముకకూ మధ్య సాలెగూడులాంటి తెల్లటి సన్నపోగులు ఉంటాయి. సర్జన్ కత్తి నడవాల్సింది ఆ పోగుల్లోనే. కొంచెం లోపలికి తప్పితే గడ్డలోకి పోతుంది, కొంచెం బయటికి తప్పితే మూత్రాన్నీ సంసార సుఖాన్నీ నడిపించే నరాలు తెగుతాయి. ఆ పోగులను చేత్తో తడిమి తెలుసుకునే వీలు కీహోల్‌లో లేదు. తెర మీద కనపడాల్సిందే. అందుకే బొమ్మ గురించి పట్టింపు అనవసరం అని నేను అనను.

ఇక మిషన్ల సంగతి. మామూలు హెచ్‌డీ తెర మీద సుమారు 20 లక్షల చుక్కలుంటే 4కె తెర మీద 83 లక్షలుంటాయి. సన్న రక్తనాళమూ పొర అంచూ తేటగా కనిపిస్తాయి. అయినా అది చదునైన బొమ్మే, లోతు ఉండదు. త్రీడీలో టెలిస్కోపుకు రెండు కళ్లుంటాయి, సర్జన్ ప్రత్యేకమైన అద్దాలు పెట్టుకుంటే లోతు తెలుస్తుంది. సూదీదారంతో లోపల కుట్లు వేసేటప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. త్రీడీ వల్ల ఆపరేషన్ సమయం తగ్గుతుందని యూరప్ ఎండోస్కోపిక్ సర్జన్ల సంఘం 2018లో ఒప్పుకుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు త్రీడీలో చేతులు తొందరగా తిప్పగలుగుతారన్నదీ శిక్షణ పెట్టెల మీద పదేపదే తేలిన విషయమే. కానీ రోగికి కావలసింది పది నిమిషాల ఆదా కాదు. గడ్డ అంచులు శుభ్రంగా రావాలి, అతుకు ఊడకూడదు, ఐదేళ్ల తర్వాత మనిషి బతికుండాలి. ఈ మూడింటి మీద త్రీడీ గానీ 4కె గానీ మామూలు హెచ్‌డీని ఓడించిందని చెప్పగల పెద్ద ప్రయోగం లేదు. చేయి తిరిగిన సర్జన్‌కు చదునైన బొమ్మలోనూ లోతు దొరుకుతుంది. ఒక పొర ఇంకో పొరను కప్పే తీరు, నీడ, పరికరం కదిలినప్పుడు కదిలే కండ చూసి అతని మెదడు లెక్క కట్టేస్తుంది. నీళ్ల రంగూ పైన తిరిగే పక్షులనూ చూసి వల ఎక్కడ వెయ్యాలో తేల్చుకునే మైపాడు మత్స్యకారుడికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం ఉంది. బయటివాళ్లకు కనపడదు గానీ ఆపరేషన్ గదిలో తిరిగే ప్రతి నర్సుకూ తెలుసు. బొమ్మ చెడేది ఎక్కువగా కెమెరా పాతదై కాదు. చల్లటి టెలిస్కోపును వెచ్చటి పొట్టలోకి దించగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. మాడిన కొవ్వు పొగ కమ్ముతుంది. ఒక రక్తపు చుక్క చిట్లి అంటుకుంటుంది. దానికి మందు పక్కనే ఫ్లాస్కులో ఉన్న శుభ్రమైన వేడినీళ్లు. ముంచాలి, తుడవాలి, మళ్లీ దించాలి. మొదలుపెట్టే ముందు తెల్లటి గాజుగుడ్డ ఎదురుగా పెట్టి కెమెరాకు తెలుపు ఏదో నేర్పాలి, లేకపోతే రంగులన్నీ తప్పుతాయి. వెలుగు తెచ్చే కేబులులో వేల సన్నటి గాజుపోగులుంటాయి. దాన్ని మెలితిప్పి చుట్టి పెడుతూ పోతే పోగులు తెగుతాయి, చివరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే నల్లచుక్కలు కనిపిస్తాయి. సగం పోగులు తెగిన కేబులుకు 4కె కెమెరా తగిలిస్తే తెర మీద కనిపించేది తేటతెల్లమైన చీకటి. కెమెరా పట్టుకున్న సహాయకుడి చెయ్యి ఒరిగితే తెర మీద మొత్తం ఒరిగిపోతుంది. వీటికి కోట్లు అక్కర్లేదు, నేర్పిన మనుషులు కావాలి, పాడైన కేబులు మార్చడానికి ఏటా కొంత డబ్బు కావాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో యంత్రం కొన్న రోజు రిబ్బన్ కత్తిరిస్తారు, దాని కేబులు మార్చిన రోజు ఎవరూ రారు. ఈ అలవాటు రోగికి చేసే కీడు నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

బొమ్మ టెక్నాలజీల్లో నేను ముందు వరసలో పెట్టేది పచ్చమందును. ఇండోసయనిన్ గ్రీన్ అనే ఈ రంగు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది, కంటి డాక్టర్లు రెటీనా వెనక రక్తనాళాలు చూడటానికి దశాబ్దాలుగా వాడుతున్నారు. నరంలోకి ఎక్కిస్తే రక్తంతో పాటు తిరిగి, మన కంటికి కనపడని ఎర్రని అంచుకు అవతలి కాంతిని మీద వేసినప్పుడు మెరుస్తుంది. కొద్ది నిమిషాల్లో కాలేయం దాన్ని బయటికి తోసేస్తుంది. పేగులో గడ్డ ఉన్న భాగం కోసేశాక మిగిలిన రెండు కొసలనూ స్టేప్లరుతో అతుకుతారు. ఆ కొసలకు రక్తం సరిగ్గా అందకపోతే నాలుగైదు రోజుల్లో అతుకు ఊడి, మలం పొట్టలోకి కారుతుంది. మళ్లీ ఆపరేషన్, పొట్ట పక్కన సంచి, ఆలస్యమయ్యే కీమో, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. వేటకు పోయే మనిషికి పొట్ట మీద సంచి అంటే ఉప్పునీళ్లలో ఊడిపోయే అంటు, ఒరుసుకుపోయే చర్మం, వల లాగలేని నడుము, ఆగిపోయిన రాబడి. అతికే ముందు పచ్చమందు ఎక్కించి దీపం మారిస్తే, నిమిషంలోపు పేగు వెలుగుతూ వస్తుంది. వెలుగు ఎక్కడ ఆగిందో అక్కడిదాకా కోసి, వెలిగిన కొసలనే అతకాలి. మామూలు కంటికి గులాబీ రంగులో నిక్షేపంగా కనిపించిన పేగే ఒక్కోసారి ఈ దీపం కింద నల్లగా ఉండిపోతుంది.

దీని మీద ఆధారాలు ఏకగ్రీవంగా లేవు, అది దాచకూడదు. మలాశయ క్యాన్సర్ ఉన్న 850 మంది మీద జపాన్‌లో జరిగిన ప్రయోగంలో అతుకు ఊడినవాళ్లు పచ్చమందు వాడినప్పుడు నూటికి 7.6, వాడనప్పుడు 11.8. అమెరికాలో 347 మందితో మధ్యలోనే ఆగిపోయిన ప్రయోగంలో మాత్రం 9.0, 9.6 దగ్గర తేడా లేకుండా పోయింది. నెదర్లాండ్స్‌లో తొమ్మిది వందల మందికి పైగా, పెద్దపేగులో అన్ని చోట్లా జరిగిన ఆపరేషన్లలో లెక్క నూటికి 7, 9. తేడా ఉన్నా అది కాకతాళీయం కాదని చెప్పేంత బలం లేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇదీ: అతుకు కిందికి, మలద్వారానికి దగ్గరికి దిగేకొద్దీ ఈ మందు ఉపయోగం పెరిగే అవకాశం ఎక్కువ. పైభాగంలో అతుకులు ఎటూ తక్కువే ఊడతాయి కాబట్టి అక్కడ తగ్గించడానికి మిగిలేది తక్కువ. చూసే కన్నును బట్టి కూడా ఫలితం మారుతుంది. ఎక్కువసేపు ఆగితే రంగు పక్కకు ఇంకి, రక్తం అందని కొస కూడా వెలిగినట్టు భ్రమ కలిగిస్తుంది. అయోడిన్ పడనివాళ్ల విషయంలో జాగ్రత్తపడాలి. ఇన్ని మినహాయింపులున్నా, రోగి అసలు భయపడే ప్రమాదాన్నే సూటిగా తగ్గించడానికి చూసే బొమ్మ ఈ నాలుగింటిలో ఇదొక్కటే. కాబట్టి మలాశయ క్యాన్సర్ ఆపరేషన్లు చేసే ఆసుపత్రి కొత్త కెమెరా కొనాల్సి వస్తే, చుక్కల సంఖ్య కంటే ముందు ఈ దీపం ఉందా అని చూడాలి.

రోబో మాటేమిటి అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఆధారం లేకపోలేదు. 471 మంది మీద జరిగి 2017లో అచ్చయిన ప్రయోగంలో రోబో మామూలు కీహోల్ కంటే మెరుగని తేలలేదు. మధ్యలో పెద్దకోతకు మారాల్సి వచ్చింది రోబోతో నూటికి 8.1, రోబో లేకుండా 12.2. ఆ తేడా లెక్కకు నిలవలేదు. కానీ తర్వాత చైనాలో 11 ఆసుపత్రుల్లో 1,240 మంది మీద జరిగిన పెద్ద ప్రయోగంలో గడ్డ అంచులు శుభ్రంగా రాకపోవడం రోబోతో నూటికి 4.0, కీహోల్‌తో 7.2. మూడేళ్లకు అక్కడే తిరగబెట్టడం 1.6, 4.0. ఇది చిన్న విషయం కాదు, దీన్ని తోసిపుచ్చడం నిజాయితీ అనిపించుకోదు. అయితే ఆ ప్రయోగంలో కత్తి పట్టినవాళ్లు రెండు పద్ధతుల్లోనూ బాగా చేయి తిరిగిన సర్జన్లు. రోబోలో ఉన్నది త్రీడీ బొమ్మ ఒక్కటే కూడా కాదు. మణికట్టులా తిరిగే పరికరాలు, వణకని చెయ్యి, సర్జన్ తానే కదిపే కెమెరా కలిస్తే వచ్చిన ఫలితం అది. బొమ్మ వాటా ఎంతో అందులోంచి విడదీయలేం. ఏడాదికి బోలెడన్ని మలాశయ ఆపరేషన్లు జరిగే పెద్ద కేంద్రంలో రోబో పెట్టడానికి ఇది మంచి కారణమే. నెలకు ఒకటో రెండో జరిగే చోట పెట్టడానికి ఇది కారణం కాదు. అక్కడ రోబో వల్ల వచ్చేదల్లా బోర్డు మీద ఇంకో మాట, బిల్లులో ఇంకో వరస.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పేదవాడికి పాత కెమెరా చాలు, ఉన్నవాడికి రోబో అంటున్నారా అని అడగొచ్చు. ఆ ప్రశ్న అడగాల్సిందే. నేననేది అది కాదు. ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. పెద్దపేగు క్యాన్సర్‌కు కీహోల్ సర్జరీ చెయ్యొచ్చని అక్కడి ప్రమాణాల సంస్థ 2006లో చెప్పాక, నేర్చిన సర్జన్లు సరిపడా లేరని గుర్తించి, ప్రభుత్వ ఖర్చుతో దేశవ్యాప్తంగా శిక్షణ కార్యక్రమం పెట్టారు. అప్పటికే సర్జన్లుగా ఉన్నవాళ్ల పక్కన నేర్చినవాళ్లు నిలబడి, కేసు తర్వాత కేసు చేయించి, వీడియోలు చూసి మార్కులు వేశాకే ఒంటరిగా వదిలారు. ఏ ఆసుపత్రిలో పేగు క్యాన్సర్ ఫలితాలు ఎలా ఉన్నాయో అక్కడ ఏటా బయటపెడతారు. పేదవాడికి కావలసిన సమానత్వం అది. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇవాళ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం వల్ల ఎన్నో కుటుంబాలు పొలమూ పడవా అమ్ముకోకుండా క్యాన్సర్ ఆపరేషన్లు చేయించుకోగలిగాయి. అది గొప్ప విషయం. కానీ పథకం ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది, ఆ ఆపరేషన్ ఎలా ముగిసిందో జనానికి చెప్పదు. ఏ ఆసుపత్రిలో ఏడాదికి ఎన్ని మలాశయ ఆపరేషన్లు జరిగాయి, ఎన్ని అతుకులు ఊడాయి, ఎన్నిటిలో మధ్యలో పెద్దకోతకు మారారు, తీసిన ముక్కలో కనీసం 12 గ్రంథులను ల్యాబు పరీక్షించిందా అన్న నాలుగు అంకెలు బయటపెడితే, మైపాడు నుంచి వచ్చిన కుటుంబం మిషను పేరు కాకుండా ఆ అంకెలు చూసి ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకుంటుంది.

కష్టమైన కేసులు తెచ్చుకునే ఆసుపత్రి అంకెలు చెడ్డగా కనిపిస్తాయి కదా అని సర్జన్లు అంటారు. వాళ్ల బాధ న్యాయమైనదే. జబ్బు దశనూ రోగి వయసునూ లెక్కలోకి తీసుకుని అంకెలు సరిచేసే పద్ధతులున్నాయి, వాటినే వాడాలి.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆపరేషన్ బల్ల మీదికి చేరిన మనిషి గురించి. మన దగ్గర అసలు నష్టం అంతకు ముందే జరిగిపోతోంది. దేశంలో ఏటా సుమారు 70 వేల మందికి కొత్తగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు వస్తున్నాయని, 40 వేల మంది వరకు చనిపోతున్నారని 2022 అంతర్జాతీయ అంచనా. అమెరికా లెక్కల్లో పేగు గోడ దాటక ముందే పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత నూటికి 90 మంది బతికుంటున్నారు, దూరానికి పాకాక పట్టుకుంటే పదిహేను మంది. ఈ తొంభైకీ పదిహేనుకూ మధ్య ఉన్న అగాధాన్ని ఏ 4కె తెరా పూడ్చలేదు. మన ఊళ్లలో రక్తం పడితే అది మొలలే. ఊరి చివర గోడ మీద 'మొలలకు గ్యారంటీ వైద్యం' అని రాసి ఉంటుంది. పసరు తాగి, బిళ్లలు మింగి, ఆర్‌ఎంపీ ఇచ్చిన మలాం రాసుకుని ఆరు నెలలు గడుస్తాయి. ఈ క్యాన్సర్ మన దేశంలో పడమటి దేశాల కంటే చిన్న వయసులోనే, ఎక్కువగా మలాశయంలోనే కనిపిస్తోందని ఇక్కడి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల అనుభవం. మలాశయం కింది భాగంలో ఉన్న గడ్డ చాలాసార్లు డాక్టర్ వేలికే తగులుతుంది. ఒక గ్లవ్, కాస్త జెల్లీ, అర నిమిషం. అంతకంటే చవకైన కన్ను వైద్యంలో లేదు. సిగ్గుపడి రోగి వద్దంటాడు, తీరిక లేక డాక్టర్ వదిలేస్తాడు.

ఆ వేలి తర్వాతి కన్ను కొలనోస్కోప్. పేగు లోపలికి కెమెరా పంపి చూసి, చిన్న పిలకలుంటే అక్కడికక్కడే కత్తిరించి, అనుమానం ఉన్న చోట ముక్క తీసే పరీక్ష. పిలక క్యాన్సరుగా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది, అంత వ్యవధి ఇచ్చే జబ్బులు అరుదు. మలాశయ గడ్డ అని తేలితే ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐ తప్పనిసరి. గడ్డ ఆ కొవ్వు తొడుగు అంచుదాకా వచ్చిందో లేదో అదే చెబుతుంది. యూరప్‌లో 408 మంది మీద జరిగి 2006లో అచ్చయిన పరిశీలనలో, అంచు శుభ్రంగా వస్తుందని ఎంఆర్‌ఐ చూసి చెప్పిన మాట చాలావరకు నిలబడింది. ముందు రేడియేషన్ ఇవ్వాలా, నేరుగా కత్తి పెట్టాలా అన్నది ఈ బొమ్మ మీదే ఆధారపడుతుంది. ఇది సరిగ్గా చదివే రేడియాలజిస్టు లేకుండా, గదిలో ఎంత గొప్ప కెమెరా ఉన్నా సర్జన్ కళ్లకు గంతలు కట్టుకుని దిగినట్టే.

మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలంత ఎక్కువగా లేదు కదా, అందరికీ పేగు పరీక్షలు పెడితే డబ్బు దండగ కదా అన్న వాదనను నేను ఒప్పుకుంటాను. క్యాన్సర్లను ముందుగా పట్టే మన జాతీయ కార్యక్రమం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితం కావడానికి కారణం అదే. నేను అడిగేది ఊరందరికీ పరీక్షలని కాదు, లక్షణాలున్నవాళ్లకు ఆలస్యం లేని దారి. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ అనే చిన్న పరీక్ష ఉంది. పుల్లతో కాస్త మలం తీసి గొట్టంలో పెట్టి ల్యాబుకు పంపితే చాలు. ఇది మనిషి రక్తాన్ని మాత్రమే పడుతుంది, కాబట్టి ముందురోజు చేపల పులుసు తిన్నా మాంసం తిన్నా ఫలితం తప్పదు, పథ్యం అక్కర్లేదు. విరేచనాల తీరు మారినవాళ్లలో, రక్తహీనత ఉన్నవాళ్లలో ఎవరిని ముందు కొలనోస్కోపీకి పంపాలో తేల్చడానికి బ్రిటన్‌లో ఇవాళ దీన్నే వాడుతున్నారు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డున ఉంటాయి, మనుషులు ఇళ్ల దగ్గర ఉంటారు. మైపాడు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఆ రెండు నెలల్లో 'రక్తం పడుతోందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా' అన్న మూడు ప్రశ్నలు గడపగడపకూ అడగొచ్చు. అవునన్నవాళ్ల చేతికి ఒక ఫిట్ గొట్టం ఇవ్వొచ్చు. రక్తం కంటికే కనిపిస్తున్నవాళ్లను గొట్టం కోసం ఆపకుండా నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి పంపొచ్చు. అక్కడ వాళ్ల కోసం వారంలో రెండు రోజులు కొలనోస్కోపీ గది తెరిచి ఉండాలి, స్కోపు కడిగే మనిషి ఉండాలి, ముక్క తీసిన పది రోజుల్లో బయాప్సీ రిపోర్టు రోగి చేతికి రావాలి. రోబోకు పెట్టే డబ్బులో కొంత ముందుగా ఆ గదికి ఇవ్వండి.